రొట్టెలవాడి ఇంటికి రొట్టెలు

నవంబరు వచ్చిందంటే మా ఆయనకి తిండి సహించదు. మిగతా ఏడాదంతా మనిషి బాగానే ఉంటాడు. మైదానంలో ఆయన ఈల వేస్తే మా మర్గిలాన్ బజారులో గాడిదలు కూడా ఆగిపోతాయని జనం వెక్కిరిస్తారు. క్లబ్బు అధ్యక్షుడితో మొహం మీదే పోట్లాడతాడు, రిఫరీల సంగతి ఇక చెప్పక్కర్లేదు. అలాంటి మనిషి నవంబరులో కాలుగాలిన పిల్లిలా వాకిట్లో తిరుగుతుంటే చూడలేక నేను చస్తుంటాను.

ఆయన పేరు హోల్మత్. మా ఊరి ఇపక్‌చి ఫుట్‌బాల్ క్లబ్బులో రిజర్వు జట్టుకి కోచ్. క్లబ్బు అకాడమీలో పదకొండేళ్లకే పిల్లల్ని చేర్చుకుంటారు. హాస్టల్లో పెట్టి పెంచుతారు. మీసం మొలిచేసరికి వాళ్లు మా ఆయన చేతికొస్తారు. పద్దెనిమిది నిండాక రెండే దారులు: పెద్ద జట్టులోకి వెళ్లడం, లేదంటే ఇంటికి వెళ్లడం. ఎవరిది ఏ దారో పెద్ద జట్టు కోచ్ తేలుస్తాడు. ఆ మాట చెప్పే పాపం మాత్రం మా ఆయన నెత్తిన పడుతుంది. సీజన్ ముగిసేది నవంబరులో.

మిగతా చోట్ల హాస్టల్ గోడకి కాగితం అంటించి చేతులు దులుపుకుంటారట. మా ఆయన దగ్గర ఆ పప్పులుడకవు. తనే ఇంటికెళ్లి తండ్రికి చెబుతాడు. దానికో కారణం ఉంది. ఆయనా ఒకప్పుడు ఈ క్లబ్బు ఆటగాడే. ఆటగాడంటే ఏముంది లెండి, బెంచీ ఆటగాడు. "లే, దిగు" అని ఎవరైనా అంటారేమోనని ఎదురుచూస్తూ కూర్చోవడంలోనే కుర్రతనం కాస్తా అయిపోయింది. ఒకరోజు ప్రాక్టీసుకి వెళితే ఆయన బూట్లు గది బయట, గుమ్మం పక్కన పెట్టి ఉన్నాయి. అంతే. తీసేశామని ఒక్కడూ ఒక్క మాట చెప్పలేదు. అప్పటికి మాకు కొత్తగా పెళ్లయింది. మా అత్తగారికి చెప్పే ధైర్యం లేక, చాలా రోజులు పొద్దున్నే సంచీ తగిలించుకుని బయల్దేరి, కాలవగట్టున కూర్చుని సాయంత్రానికి వచ్చేవాడు. నాకూ చెప్పలేదు. బూట్లకి మట్టి లేకపోవడం చూసి నేనే అడిగాను.

"పిల్లాణ్ణి నా చేతికిచ్చేటప్పుడు తండ్రి ఏమంటాడు సనోబర్? 'మాంసం మీది, ఎముకలు మావి, ఎలా మలుచుకుంటారో మీ ఇష్టం' అంటాడా లేదా? అలాంటప్పుడు ఎముకలు వాళ్ల చేతిలోనే పెట్టి రావాలి కదా," అంటాడు.

మాట బాగానే ఉంది. కానీ చెప్పడం చేతకావాలిగా! ఒక ఏడు ఎవరింటికో వెళ్లి, పత్తి పంట గురించీ చలి గురించీ మాట్లాడి, టీ తాగి, అసలు మాట చెప్పకుండానే వచ్చేశాడు. పాపం, మర్నాడు మళ్లీ వెళ్లాల్సొచ్చింది. అప్పట్నుంచి నేనూ వెంట వెళుతున్నాను, వెనక నుంచి పొడవడానికి.

ఈ ఏడు చెప్పాల్సింది ఒక్కడికే. కానీ ఆ ఒక్కడు మిర్‌ఫయాజ్.

రొట్టెలు కాల్చే అబ్దురషీద్ కొడుకు వాడు, ఒక్కగానొక్కడు. ఎడమవైపు వెనక ఆడతాడు. వాణ్ణి దాటుకుని బంతి వెళ్లిందంటే ఆ రాత్రి వాడు అన్నం ముట్టడు. హాస్టల్లో చేరిన కొత్తలో ఇంటిమీద బెంగతో ఏడుస్తుంటే, ఇంకా తన జట్టువాడు కాకపోయినా మా ఆయన మా ఇంటికి తీసుకొచ్చేవాడు. అలా అలవాటై, ఆదివారం ఆదివారం వచ్చి, నా పొయ్యి దగ్గర కూర్చుని, నన్నూ నా వంటనీ ఏడిపించి పోయేవాడు. "అపా," అంటే అక్కా అని, "మీ సూపులో మాంసం దాక్కుంది, దాన్ని పట్టుకోవడానికి ఇద్దరు డిఫెండర్లు కావాలి," అనేవాడు వెధవ. వాడి వయసు పిల్లలంతా పొడుగు సాగారు. వాడు పదహారేళ్ల దగ్గర ఆగిపోయాడు.

"కాళ్లు బాగున్నాయి, బుర్ర బాగుంది, ఊపిరి బాగుంది," అని మా ఆయన ఆ పూట పళ్లెం పక్కకి నెట్టేశాడు. "నాలుగు వేళ్ల ఎత్తు తక్కువ. పెద్ద జట్టు కోచ్‌కి పొడుగువాళ్లే కావాలట. ఎంత వాదించానో నీకు తెలీదు సనోబర్. పొమ్మన్నాడు."

"సరే, వెళ్లి చెప్పేసి వద్దాం లేవండి. ఆలస్యం అమృతం విషం."

మా దగ్గర ఒట్టి చేతులతో ఎవరింటికీ వెళ్లం. ఆయన దారిలో దిగి రెండు రొట్టెలు కొని, గుడ్డలో కట్టించుకుని వచ్చాడు.

"ఇదేం పని, పిల్లల తండ్రీ? రొట్టెలవాడి ఇంటికి రొట్టెలు మోసుకెళతారా ఎవరైనా? మిఠాయి కొనండి."

"ఏడుపు కబురు చెప్పబోతూ మిఠాయి పట్టుకెళ్లమంటావా? రొట్టె అయితే దేనికైనా పనికొస్తుంది," అని కసిరాడు. అదీ నిజమే అనిపించి ఊరుకున్నాను. దమస్ వ్యానులో వెళుతున్నంత సేపూ ఆయన పెదాలు కదుపుతూనే ఉన్నాడు. చెప్పబోయే మాట వల్లె వేసుకుంటున్నాడని తెలిసి నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

అబ్దురషీద్ వాకిట్లో తందూర్ దగ్గరున్నాడు. పొయ్యి వేడికి చేతుల మీద వెంట్రుకన్నది మిగల్లేదు ఆ మనిషికి. మమ్మల్ని చూసి నవ్వాడు. తర్వాత మా ఆయన చేతిలో మూట చూశాడు. నవ్వు ఆగిపోయింది. దగ్గరికొచ్చి, గుడ్డ అంచు ఒకటి ఎత్తి, లోపల రెండు రొట్టెలూ చూసి, కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

అప్పుడు తట్టింది నాకు. రొట్టెలవాడి ఇంటికి ఎవరూ రొట్టెలు తేరు. తెస్తే ఒక్క శుభకార్యానికే, మాట ఖాయం చేసుకోవడానికే, రెండు రొట్టెలు గుడ్డలో కట్టి తెస్తారు.

"జులైఖా! ఓ జులైఖా! పెద్ద బాండీ దించు! మనవాడి గురువు, ఉస్తోజ్, రొట్టెలు పట్టుకుని వచ్చారు!" అని భార్యని కేకేశాడు అబ్దురషీద్.

"అబ్దురషీద్, ముందు నా మాట విను..."

"ముందు కూర్చోండన్నా, హోల్మత్ అకా, రొట్టె విరవండి. కబురు గుమ్మంలో నిలబెట్టి వినే ఇల్లా ఇది?"

గోడ అవతల్నుంచి ఎవరో తల పెట్టారు. "ఏంటి హడావిడి? కూతురి సంబంధమా?"

"నాకు కూతురెక్కడ ఏడ్చిందయ్యా! కొడుకు! నా కొడుకు పెద్ద జట్టులోకి!"

ఇక చూడండి. ఒకడు క్యారెట్లు తరగడానికి కూర్చున్నాడు, ఒకడు కట్టెలు మోసుకొచ్చాడు. పేటకి పెద్ద, నూరిద్దీన్ ఓటా, కర్ర టకటకలాడించుకుంటూ వచ్చి అరుగు మీద పైవరసన కూర్చున్నాడు. మా ఆయన రొట్టె ముక్క నోట్లో పెట్టుకుని, నమలలేక మింగలేక, నావైపు చూశాడు. చెప్పండి అని కళ్లతోనే గదమాయించాను. ఎలా చెప్పను అని ఆయన కళ్లు. ఇంతలో జులైఖా నన్ను లోపలి గదిలోకి లాక్కుపోయింది. మగవాళ్లు కూర్చున్న అరుగు ఆ గది తలుపు సందులోంచి కనిపిస్తూనే ఉంది.

జులైఖా పెట్టె తెరిచి, అడుగు నుంచి ఒక చాపాన్ తీసింది. దూది పెట్టి కుట్టిన నీలం చారల అంగీ, కొత్తది. "ఇది ఎప్పుడో కుట్టి దాచానపా. వాడు పెద్ద జట్టులోకెళ్లిన రోజున ఉస్తోజ్ భుజాల మీద కప్పాలని. పురుగు పట్టకుండా ఏటా ఎండబెట్టుకుంటున్నా."

"జులైఖా, ఒక్క మాట చెప్పనీ..."

"మాటలెక్కడికి పోతాయి, ముందిది తినండి," అని నవ్వుతూ నా నోట్లో హల్వా కుక్కింది. తర్వాత కొంగుతో ముక్కు తుడుచుకుంది. "హాస్టల్లో చేరిన మొదటి నెల ఫోన్ చేశాడపా. 'అమ్మా, ఇంటికొచ్చేస్తా' అని ఒకటే ఏడుపు. రమ్మంటే వచ్చేస్తాడని ఫోన్ పెట్టేశాను. తల్లినేనా నేను అనుకుంటూ ఇన్నేళ్లు నిద్రపోలేదు. ఇవాళ్టితో ఆ పాపం తీరింది."

నోట్లో హల్వా మట్టిలా అయిపోయింది. చెప్పాలని నాకు లేదా? ఉంది. ఆ మొహం చూశాక ఎవరి నోరు లేస్తుందో లేవమనండి.

బయట అబ్దురషీద్, జులైఖా అందించిన ఆ చాపాన్ మా ఆయనకి తొడిగి, నడుముకి గుడ్డ బిగించాడు. అందరూ "ముబారక్, ముబారక్" అన్నారు. మా ఆయన తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. చల్లకొచ్చి ముంత దాచడమంటే ఇదే కదా! మైదానంలో అంత నోరు, ఇక్కడ ఏమైంది? చెప్పవయ్యా మగడా, పిల్లాడు రాకముందే చెప్పు, అని లోపల్లోపల నెత్తీనోరూ కొట్టుకున్నాను.

పలావు ఉడికేసరికి చీకటిపడే వేళ అయింది. అప్పుడు వచ్చాడు మిర్‌ఫయాజ్, భుజాన సంచీతో, హాస్టల్ నుంచి. తండ్రి ఫోన్ చేసి రమ్మన్నాడట, ఎందుకో చెప్పలేదట. వాకిలి నిండా జనాన్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"రా రా, పెద్దజట్టోడా!" అని వీపు చరిచాడు ఒక పొరుగాయన. "ఒక నిచ్చెన కొనిపెట్టమను మీ నాన్నని. అక్కడ తలతో కొట్టాలంటే బంతి అందాలిగా!"

అందరూ గొల్లున నవ్వారు. వాడూ నవ్వాడు, నమ్మలేనట్టు, చెవులదాకా ఎర్రబడి. నవ్వుతూనే మా ఆయన వైపు తిరిగాడు. ఏడేళ్లుగా ఆ మొహం చూస్తూ పెరిగినవాడు, ఈలకి ముందే ఆ కనుబొమలు చూసి పరిగెత్తేవాడు. వాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. నవ్వు అలాగే మొహం మీద ఉండిపోయింది, కళ్లు మాత్రం ఆరిపోయాయి.

చేతులు కడుక్కుని వచ్చి, టీ కెటిల్ అందుకుని, పెద్దవాళ్లకి వరసగా పోసుకుంటూ వచ్చాడు. మా దగ్గర అతిథికి గిన్నెలో కొంచెమే పోస్తారు, మళ్లీ మళ్లీ పోయొచ్చని. అంచుదాకా పోశారంటే ఇక లేచి వెళ్లమని. అందరికీ కొంచెం కొంచెమే పోశాడు. మా ఆయన గిన్నె మాత్రం అంచుదాకా నింపి, ఒలకకుండా, రెండు చేతులా అందించాడు.

మా ఆయన అందుకుంటుంటే వేడి టీ ఒళ్లో పడింది. ఎవరూ పట్టించుకోలేదు. నూరిద్దీన్ ఓటా గొంతు సవరించుకుని అరచేతులు పైకెత్తాడు. వాకిట్లో అందరి చేతులూ లేచాయి. "యా అల్లా, ఈ ఇంటి బిడ్డని పెద్ద జట్టులో..."

"ఆగండి ఓటా!"

ఈల వేసినట్టే ఉంది ఆ గొంతు. మా ఆయన మోకాళ్ల మీద లేచాడు. "ఆమీన్ అనకండి. నేను ఆ కబురు తేలేదు. పిల్లాణ్ణి తీసుకోలేదు అబ్దురషీద్. వదిలేశారు. వాడి తప్పు ఏమీ లేదు. నాలుగు వేళ్ల ఎత్తు చాల్లేదన్నారు. ఇందాకే చెప్పాలి. మీ రొట్టె తిని, మీ చాపాన్ తొడుక్కుని, చెప్పలేకపోయాను."

అబ్దురషీద్ కొడుకు వైపు చూడలేదు, మా ఆయన వైపూ చూడలేదు, పలావు పళ్లాల వైపు చూస్తూ ఉండిపోయాడు.

అప్పటిదాకా నా మోచెయ్యి పట్టుకుని తలుపు సందులోంచి చూస్తున్న జులైఖా దాన్ని వదిలేసింది. "తెలిసే వచ్చావా అపా? తెలిసే నా చేతి ముద్ద తిన్నావా?"

భూమి చీలినా బాగుండు అనిపించింది.

బయట ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉన్నాయి. దువాకి ఎత్తిన చేతుల్ని ఆమీన్ లేకుండా దించడం మా వాళ్లకి పెద్ద అరిష్టం. అలాగని దేనికని ఆమీన్ అంటారు? ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. చివరికి నూరిద్దీన్ ఓటా పిల్లాడి వైపు తిరిగాడు.

"చేతులెత్తాం బాబూ, ఉత్తినే దించకూడదు. నీకోసం ఎత్తిన చేతులివి. ఏమడగమంటావో నువ్వే చెప్పు."

మిర్‌ఫయాజ్ చేతిలో కెటిల్ అలాగే ఉంది. తల దించుకునే ఉన్నాడు. పెద్దమాట ఏదో అంటాడనుకున్నాను, అందరికీ ఓదార్పుగా. పద్దెనిమిదేళ్లవాడు, వాడికెక్కడిది అంత ఓపిక!

"నాలుగు వేళ్లు అడగండి ఓటా," అన్నాడు.

నిచ్చెన కొనుక్కోమన్నవాడు కూడా నవ్వలేదు. నూరిద్దీన్ ఓటా కళ్లు మూసుకుని, ఒక్కో మాటా విడదీసి, వానలు అడిగినట్టే అడిగాడు. "యా అల్లా, అబ్దురషీద్ కొడుక్కి నాలుగు వేళ్ల ఎత్తు ఇయ్యి. నీ దగ్గర లేనిది కాదు."

"ఆమీన్," అన్నారు అందరూ. నా పక్కన జులైఖా కూడా అంది. నేనూ అన్నాను, మనసారా అన్నాను.

అందరూ అరచేతులతో మొహాలు తడుముకున్నారు. మా ఆయన చేతులు మాత్రం దిగలేదు. ఆ నీలం చాపాన్‌లో చేతులు పైకెత్తుకుని, నోరు తెరిచి, చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. ఎవరేమన్నా వినిపించుకునే స్థితిలో లేడు. అబ్దురషీద్ లేచి వెళ్లి, ఆ రెండు చేతులూ పట్టుకుని, మెల్లగా కిందికి దించాడు.