చప్పుడు లేని ఆటో

వన్ టౌన్‌లో ఆటోలు అద్దెకిచ్చే వెంకటకృష్ణారావుగారు సాయంత్రమైతే వీధరుగు మీద కూర్చుని, చెవి మాత్రం వెనక సందులోని షెడ్డు వైపే పెట్టుకుంటారు. ఏ బండి ఇల్లు చేరిందో ఇంజను చప్పుడుని బట్టే చెప్పేస్తారు. అన్నీ చేరేదాకా ఆయనకి అన్నం సహించదు. పాతవన్నీ తీసేసి, చవకలో వస్తున్న కొత్త బ్యాటరీ ఆటోలు కొందామని, ముందు ఒకటి తెప్పించి మంగళగిరి దాకా నడిపి చూడమని డ్రైవరు నాగులుని పంపారు. పొద్దు వాలింది, టీ చల్లారింది, ఆయన కండువా అంచు నలిపి నలిపి తాడు చేశారు.

"బ్యారేజీ మీద గానీ ఆగిపోయిందంటావా?" అని భార్య రామతులసిని అడిగిందే అడుగుతున్నారు.

"నేనొచ్చి చాలాసేపైందండీ, బండి కడిగేశా కూడా," అన్నాడు నాగులు వెనకనుంచి, చేతులు తుడుచుకుంటూ.

రామతులసి నవ్వింది. ఆయన నవ్వలేదు.

"కొంటాలేరా. కానీ రేపట్నుంచి ఎవరొచ్చినా షెడ్డులోంచి నన్నో కేకెయ్యండి. లేకపోతే నాకు ముద్ద దిగదు."