గుర్తు బండి

కోరుట్లలో కారు కంపెనీ పేరు ఎవరూ పూర్తిగా పలకరు. ముందు జాలీ మీద మెరిసే బిళ్లను మేం గుర్తు అంటాం. ఎవడైనా కారు కొన్నాడంటే మొదటి ప్రశ్న "ఏం గుర్తు?" అనే. ఓటేసేటప్పుడు మనిషిని చూడం, గుర్తు చూస్తాం. ఆ అలవాటే బండి దగ్గరికీ వచ్చిందని నా అనుమానం.

మా ఊళ్లో గల్ఫు పోయొచ్చిన వాళ్లు ఎక్కువ. అక్కడి ఎడారిలో షేకులు తోలే బండ్ల గుర్తొకటి ఉంది. దాన్ని షేకుల గుర్తు అంటారు. ఆ గుర్తున్న కారు గల్లీలోకి వస్తే అరుగుల మీద కూర్చున్న ముసలాళ్లు కూడా కాళ్లు ముడుచుకుంటారు. ఇంకో కంపెనీ ఉంది. ఏ గల్లీలో చూసినా దాని కార్లే. చవక, పెట్రోలు తక్కువ తాగుతాయి. దాన్ని డబ్బా అంటారు. కొనేవాళ్లు కూడా డబ్బా అని తిడుతూనే కొంటారు. ఏది గట్టిదో తేల్చే పరీక్ష కూడా మా దగ్గర ఉంది. బానెట్ మీద పిడికిలితో ఒకటి గుద్దడం. ధబ్‌మంటే గట్టిది, డబ్‌మంటే డబ్బా. ఒక్క అక్షరం తేడాతో లక్షల బేరాలు తెగిపోతాయి.

నేను షేరింగ్ ఆటో నడుపుతాను. చదువు ఏడో తరగతిలో నన్ను వదిలేసి తన దారిన తాను పోయింది. బండ్ల గురించి నేను నోరు తెరిస్తే మా బావ వెంటనే మూయించేవాడు.

"తలుపుల్లేని బండి నడిపెటోనివి, నీకేం ఎర్కరా కార్ల సంగతి?"

"తలుపుల్లేవు గనుకనే బావా, ఏం జరిగినా దుంకొచ్చు," అనేవాణ్ని.

బావంటే మా అక్క మొగుడు. నాకు మీసం మొలవకముందు గల్ఫు పోయి, నా మీసం తెల్లబడ్డాక తిరిగొచ్చాడు. అక్కడ ఒక కంపెనీలో డ్రైవరు. ఒకసారి ఇసుకలో బండి పల్టీ కొట్టిందట. బండిని తాళ్లతో లేపి నిలబెడితే మళ్లీ స్టార్టయిందట. ఆయన ఒంటి మీద గీత కూడా పడలేదట. మొదటిసారి సెలవుకు వచ్చినప్పుడు చెబితే పల్టీ ఒకటే. తర్వాత సెలవుకు రెండయ్యాయి. పూర్తిగా వచ్చేసే నాటికి నాలుగు. ఇంకో రెండేళ్లు అక్కడే ఉంటే ఆ బండి సముద్రం దాకా దొర్లేదని నేను ఎగతాళి చేసేవాణ్ని. ఆయన మాత్రం నవ్వేవాడు కాదు. తనను బతికించి ఇంటికి పంపింది ఆ గుర్తేనని ఆయన నమ్మకం. దేవుడి పటాల పక్కన అతికించలేదంతే.

వాళ్లకు ఒక్కతే బిడ్డ. నా మేనకోడలు. గంభీరావుపేటలో ఇచ్చారు. అల్లుడు కూడా గల్ఫులోనే. పిల్లకు మొదటి కడుపు ఐదో నెలలో పోయింది. బస్సు కుదుపులకే పోయిందని మా అక్క ఖాయం చేసుకుంది. డాక్టరమ్మ కాదని చెప్పినా వినలేదు. రెండోసారి నెల తప్పిందని తెలిసిన రోజే బావ ఒట్టు పెట్టుకున్నాడు. ఈసారి ఏడో నెలలో బిడ్డను పుట్టింటికి తెచ్చేది సొంత కారులోనే. బస్సు లేదు, ఆటో అసలే లేదు. ఆ చివరి మాట నా వైపు చూసి అన్నాడు. ఆ ఇంట్లో అందరి ఆశా ఆ కడుపు మీదే. కారు కొనడం కూడా దానికోసమే.

పిల్ల డిగ్రీ చదివింది. ఫోన్లో వెతికి తండ్రికి చెప్పింది.

"బాపూ, మన దేశపు కంపెనీదే ఒకటున్నది. దాన్ని గోడకు గుద్దిచ్చి చూసిండ్రట, అన్నిటికన్న ఎక్కువ స్టార్లచ్చినయట. పైసలు గూడ తక్కువనే."

"స్టార్లు హోటళ్లకుంటయ్ బిడ్డా," అన్నాడు బావ. "గోడకు గుద్దిచ్చి చూసుడేంది? నేను ఇసుకల పడి చూసిన."

ఆ మాటకు నేనూ పొట్ట పట్టుకుని నవ్వాను. మాట బాగా కుదిరింది మరి.

జగిత్యాలలో షోరూముకు నన్ను కూడా తీసుకుపోయాడు. షేకుల గుర్తున్న చిన్న కారు తెల్లగా మెరుస్తోంది. చూడగానే నాకు మా పక్కింటివాళ్ల డబ్బా గుర్తొచ్చింది. అవే లైట్లు, అవే తలుపులు, అవే పిడులు.

"బావా, గిది మన పక్కింటోళ్ల డబ్బాకు కవల పిల్ల లెక్కున్నది."

షోరూం పిల్లగాడు నిజాయితీపరుడు. "అవునంకుల్, రెండు కంపెనీలు కలిసి చేస్తయ్. బండి గదే. గుర్తు, సర్వీసు మాది," అన్నాడు.

"ఇన్నవా బావా? గుర్తు మారిస్తే రేటు మారింది. నా ఆటోకు గూడ గిసొంటి బిళ్లొకటి అతికిచ్చుకుంట."

"కవలలైతే ఏందిర? ఒగడు కలెక్టరైతడు, ఒగడు కూలైతడు," అన్నాడు బావ. బానెట్ మీద ఒక గుద్దు గుద్ది చెవి పెట్టాడు. నాకు డబ్ అనే వినిపించింది. ఆయనకు ధబ్ అని వినిపించినట్టుంది, ముఖం వెలిగిపోయింది.

కారు ఇంటికొచ్చాక అందరూ చేసే పనే ఆయనా చేశాడు. కోరుట్లలో డెకరేషన్ షాపుకు పోయి సీట్లకు రెగ్జిన్ కవర్లు వేయించాడు. మెరూన్ రంగు, తెల్ల దారం కుట్టు. కవర్లు వేసేవాడు వెనక సీటు దగ్గర ఆగి, అలవాటుగా అడిగాడు.

"సేఠ్, ఎన్క బెల్టుల కొండ్లు బయటికి ఉంచాల్నా, లోపలికి తొక్కాల్నా?"

అది మా దగ్గర ప్రతి బండికీ అడిగే ప్రశ్నే. వెనక కూర్చునేవాళ్లు బెల్టు పెట్టుకోవడం ఎవరూ చూసి ఉండరు. ఆ కొండ్లు బయట ఉంటే నడుముకు గుచ్చుకుంటాయి, కవరు ముడత పడుతుంది.

"తొక్కు. లుక్కు పోతది," అన్నాడు బావ.

వాడు బెల్టు తగిలించే కొండ్లను సీటు సందులోకి నొక్కేసి, పైనుంచి కవరు బిగించి కుట్టేశాడు. సీటు పెళ్లికొడుకు చెంపలా నున్నగా తేలింది.

గంభీరావుపేటకు నలుగురం పోవాల్సింది, ముగ్గురమే పోయాం. నాలుగో సీటు పిల్లదని అక్క ఎవరినీ ఎక్కనివ్వలేదు. వచ్చేటప్పుడు బావ స్టీరింగు ముందు, పక్కన నేను. వెనక అక్క, పిల్ల. ముందు కూర్చున్నవాళ్లు బెల్టు పెట్టుకోకపోతే ఆ బండి కీచుకీచుమని కొట్లాడుతుంది. దాని పోరు పడలేక మేమిద్దరం పెట్టుకున్నాం. వెనకవాళ్లతో అది కొట్లాడదు.

సిరిసిల్ల దాటుతుండగా పిల్ల వెనక ఏదో వెతుకుతోంది.

"ఏంది బిడ్డా?" అంది అక్క.

"బెల్టు, అవ్వా. కార్ల పోయేటప్పుడు పొట్ట కింది నుంచి పెట్టుకోమన్నది డాక్టరమ్మ. బెల్టున్నది గని, పెట్టే కొండి దొరుకుతలేదు."

బావ అద్దంలోంచి చూసి నవ్వాడు. "గీ బండిల బెల్టెందుకు బిడ్డా? మంచిగ ఒరిగి కూసో. నాలుగు పల్టీలు కొట్టినా ఏం గాని కంపెనీ గిది."

"మంచిగున్నది బాపూ, పల్టీల ముచ్చట ఇప్పుడే చెప్పాల్నా," అంది పిల్ల. అందరం నవ్వాం. ఆమె బెల్టు వదిలేసి, రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని వెనక్కి ఒరిగింది. బావ నెమ్మదిగానే నడుపుతున్నాడు. గుంత కనిపిస్తే చాలు, నీళ్ల బిందె మోసేవాడిలా జాగ్రత్తగా దాటించేవాడు.

రుద్రంగి దాటాక రోడ్డు సగానికి వడ్లు ఆరబోసి ఉన్నాయి. కోతలప్పుడు మా దగ్గర రోడ్లన్నీ కల్లాలే. వడ్ల మీదికి బండ్లు రాకుండా అంచు పొడుగునా రాళ్లు పెడతారు. ఎదురుగా ఒక మోటారు సైకిలు వచ్చింది. వాడికి దారిద్దామని బావ పక్కకు తిప్పాడు. చక్రం రాయెక్కింది, బండి జారింది, కల్వర్టు గోడకు కొట్టుకుంది. అంతే. పల్టీలు లేవు, ఇసుక లేదు. మా ఇద్దరి ముందు ఎయిర్‌బ్యాగు బుడగలు తెరుచుకున్నాయి. కారంతా పొడి, కాలిన వాసన. నా ఛాతీకి బెల్టు వాత పడిందంతే. బావకు పెదవి చిట్లింది.

వెనక్కి చూశాను. అక్క సీట్ల మధ్య కింద పడి ఉంది, భుజం ఎముక విరిగింది. పిల్ల నా సీటు వెనక భాగానికి కొట్టుకుని అక్కడే ఒరిగి ఉంది. ఏడవలేదు. "మామా, పొట్ట రాయి లెక్కైంది," అంది మెల్లగా.

జగిత్యాల దవాఖానకు తీసుకుపోయాం. పిల్ల దక్కింది. కడుపులోది దక్కలేదు. మగపిల్లవాడని నర్సు చెప్పింది. ఎవరూ అడగలేదు, అయినా చెప్పింది.

ఇంటికి వచ్చాక పలకరింపులు మొదలయ్యాయి. వచ్చినవాళ్లు ముందు అక్క భుజాన్ని చూసేవాళ్లు, తర్వాత వాకిట్లోకి పోయి ఫోన్లో కారు ఫోటో అడిగి చూసేవాళ్లు. చూసి అందరూ ఒకటే మాట.

"మంచి కంపెనీ బండి గనుక సరిపోయింది. గదే డబ్బా అయితే నలుగురు పోతుండిరి."

"నలుగురు కూసున్నరు, నలుగురు లేచిండ్రు. గింకేం గావాలె?"

బావ తల ఊపేవాడు. ఆ మాట వినడానికే బతికున్నట్టు ఊపేవాడు. లోపలి గదిలో పిల్ల మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉండేది. మధ్యలో పలచని కర్టెన్ ఒకటే. నేను జోకులేసే మనిషినని వచ్చినవాళ్లు నా ముఖం చూసేవాళ్లు, ఏదైనా అంటే నవ్వి లేచిపోదామని. నేను చాయ్ కప్పులు ఏరుకుని వెళ్లిపోయేవాణ్ని.

కారు జగిత్యాలలో షెడ్డుకు చేరింది. ఒకరోజు బావతో పోయాను. మెకానిక్ కొత్త సామాను డబ్బాలు విప్పుతున్నాడు. ఒక అట్టపెట్టె మీద పక్కింటివాళ్ల బండి కంపెనీ పేరు పెద్దక్షరాలతో ఉంది.

"గిది గదే సామాను, గదే ఫ్యాక్టరీ," అన్నాడు మెకానిక్ మామూలుగా.

బావ ఆ పెట్టెను రాతలున్న వైపు గోడకు తిప్పి పెట్టాడు. తర్వాత కారు వెనక తలుపు తీసి లోపల కూర్చున్నాడు. కాసేపటికి చింపుతున్న చప్పుడు వినిపించింది. పోయి చూస్తే, బావ మెకానిక్ దగ్గరి స్క్రూడ్రైవరుతో మెరూన్ కవరును చీల్చి, సీటు సందులోకి చెయ్యి పెట్టి తడుముతున్నాడు. ఒక కొండి బయటికొచ్చింది. నల్లటి ప్లాస్టిక్, మధ్యలో ఎర్ర బటన్, ఒక్క గీత పడలేదు. బెల్టు లాగి అందులో పెట్టాడు. టక్‌మంది. బటన్ నొక్కి తీశాడు. మళ్లీ పెట్టాడు.

"మంచిగనే పడుతున్నది," అన్నాడు నాతో.

కారు బాగయి ఇంటికొచ్చాక ఎవరూ ఎక్కలేదు. అమ్మకానికి పెట్టామని తెలిసి సిరిసిల్ల నుంచి ఒక మనిషి వచ్చాడు. బట్టల వ్యాపారమట, ఇద్దరు చిన్న పిల్లలట. వస్తూనే బానెట్ మీద ఒకటి గుద్ది, తల పంకించాడు.

బావ ముందే చెప్పాడు. "ఇగో, దాచిపెట్టి అమ్మను. బండి కల్వర్టుకు తగిలింది. ఇంకోటి. గుర్తే గా కంపెనీది. లోపల మొత్తం డబ్బా సామానే. నీకు గింత పెట్టాల్సిన పని లేదు."

ఆయన నోటి నుంచి ఆ మాట వస్తుందని నేననుకోలేదు. ఆ మనిషి నా వైపు తిరిగి కన్నుకొట్టాడు.

"మీ బావకు అమ్మబుద్ధయితలేనట్టున్నది. సొంత బండిని ఎవలన్న గిట్ల తిట్టుకుంటరా? నేను అన్ని తెల్సుకొనే అచ్చిన. గుద్దితే గూడ నలుగురు కూసున్నోళ్లు నలుగురు మంచిగ బయటవడ్డరట గదా. గసొంటి బండే నాకు గావాలె. గా ఎన్క సీటు కవరొక్కటి చినిగింది, గది నేను ఏపిచ్చుకుంట."

లోపలి నుంచి పిల్ల గడప దాకా వచ్చింది. దవాఖాన నుంచి వచ్చాక పరాయి మనుషుల ముందుకు రావడం అదే మొదలు.

"నలుగురం గాదు," అంది. "ఐదుగురం కూసున్నం."

అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. బావ నేలకేసి చూశాడు. ఆ మనిషి కారును ఒకసారి ఈ చివర నుంచి ఆ చివర దాకా కొలిచినట్టు చూసి, ముచ్చటపడ్డాడు.

"ఐదుగురా! గింత చిన్న బండిల ఐదుగురు కూసున్నా ఏం గాలేదా? శాబాష్." చెప్పిన రేటుకు ఇంకొంత పెంచుతానన్నాడు.

"అమ్మను," అన్నాడు బావ.

"ఇంకింత పెంచుమంటవా అన్నా?"

"బండి అమ్మను. నువ్వు పో." బావ లోపలికి పోయాడు. బిడ్డ దగ్గర గడప మీదే కూలబడ్డాడు. ఆమె చెయ్యి పట్టుకోబోయి, పట్టుకోకుండా ఆగాడు.

ఆ మనిషిని బస్టాండు దాకా నా ఆటోలోనే దింపాను. దారిలో ఇంకో ఇద్దరు ఎక్కారు. ఆయన వాళ్లకు చెప్పుకుంటూ వచ్చాడు.

"గా షేకుల గుర్తు బండి సంగతే వేరు భయ్. ఇప్పుడే చూసొచ్చిన. ఐదుగురు కూసున్నరట, కల్వర్టుకు గుద్దిండ్రట. ఒక్కలకు గూడ ఏం గాలె."

"అవునా!" అన్నారు వాళ్లు.