రాటెన్ అర్థం తెలిసిన నర్సింగమ్మ

గుర్రంపోడు బత్తాయి తోటల్లో కాయలు ఏరే నర్సింగమ్మ సాధించిన తొలి విజయం, లారీకి అంటించిన ‘రాటెన్’ అనే చీటీని చింపించడం. రెండువేల పదహారులో ఢిల్లీ వ్యాపారి మనిషి కాయల తోలు మీద నల్లటి మంగు చూసి సరుకంతా వద్దన్నాడు. చీటీలో ఏముందని ఆమె కూతురు సంధ్యను అడిగింది.

“కుళ్లినయి అని రాసిండమ్మా.”

“కుళ్లినయా!” నర్సింగమ్మ అక్కడికక్కడే కాయ కోసి ఆ మనిషి చేతిలో పెట్టింది. “తిను సేటు. మంగు తోలుకే వస్తది, లోపలికి పోదు. గిది రాటెనా?”

అతను తిన్నాడు. ఇంకోటి కూడా అడిగి తిన్నాడు. తర్వాత చీటీ చింపాడు.

బడి మొహం చూడని నర్సింగమ్మకు ఆనాటి నుంచి ఒక ఇంగ్లీషు మాట సొంతమైంది. దాన్ని ఊరికే ఉండనివ్వలేదు. రేషన్ బియ్యం రాటెన్, ఆలస్యమైన బస్సు రాటెన్, ఆడబిడ్డ మర్యాద మరీ రాటెన్.

“కుళ్లినవాటికే అనాలమ్మా” అంది సంధ్య.

“మీ మేనత్త ఇంట్ల చాయ్ తాగినవా నువ్వు?”

తోటల్లోనూ ఆమె మాటే చెల్లింది. ప్రతి కాయనూ తొడిమ పక్కన బొటనవేలితో గట్టిగా నొక్కి, మంచిదో రాటెనో తేల్చేది. ఆమె నొక్కని కాయ తొమ్మిదేళ్లపాటు లారీ ఎక్కలేదు.

మొన్న ఆగస్టులో కమీషన్ వ్యాపారి పరమేశ్వర్ ఫోన్ పట్టుకొని వచ్చాడు. ఏటా కొన్ని కుళ్లినా దారిలో చెడ్డాయనుకొని వదిలేసిన ఢిల్లీ వాళ్లు, ఈసారి దించిన కాయలకు ఫోటోలు తీసి పంపారు. అన్నిటికీ తొడిమ పక్కనే గుండ్రంగా కుళ్లు.

“అక్కా, ఇంకోపారి గిట్లయితే నిన్ను ఏరుడుకు పిలువొద్దంటున్నరు రైతులు.”

“తొవ్వల కుళ్లితే నాదా తప్పు?”

సంధ్య ఒక గంపలో అమ్మ నొక్కిన కాయలు, ఇంకో గంపలో నొక్కనివి పెట్టింది. ఐదో రోజుకు మొదటి గంప వాసన కొట్టింది. ఏ మచ్చ మీద పెట్టినా నర్సింగమ్మ బొటనవేలు సరిగ్గా సరిపోయింది.

ఆమె పరమేశ్వర్‌ను పిలిపించింది.

“నొక్కితే రాటెన్ అయితయని ఇంతకుముందు ఎవలన్న కనిపెట్టిన్రా?”

“లేదక్కా.”

“అయితే నేనే కనిపెట్టిన. ఢిల్లీ హమాలీలకు గూడ జర చెప్పాలె.”

ఈసారి సరుకును ఆమె చేతులు వెనక్కి కట్టుకొని, కంటితోనే ఏరింది. అది చెడకుండా దిగితేనే మళ్లీ పిలుస్తామన్నారు రైతులు. ఢిల్లీలో దించేటప్పుడు కళ్లారా చూడాలని పరమేశ్వర్ వెంట రైలెక్కింది. సెప్టెంబర్ పద్దెనిమిది, గురువారం నాడు తిరిగి వస్తుంది.