పండుగ నాడే ఏసిన సున్నం

ఈ ప్రయాణం ఒక ఫోనుతోని మొదలయింది. "బిడ్డా, నాకు ఎనభై ఒకటి నిండినయి. గీసారైనా పండుగ నాడే పోయి సరోజినికి సున్నమెయ్యాలె. జర నువ్వొస్తవా?" అని అడిగింది రత్నమ్మవ్వ. ఎందుకు రాను?

ముందుగాల ఎవరెవరో చెప్త. సరోజిని మా నాయనకు మేనత్త, మెదక్‌ల హెడ్మాస్టరు బిడ్డ, బంగ్లాల పెరిగిన మనిషి. రత్నమ్మ ఆ బంగ్లా బట్టలుతికే చాకలాయన బిడ్డ. ఇద్దరు నలభై రెండేండ్లు ఒక్కింట్ల బతికిండ్రు. మా ఇంటోళ్ళు మాత్రం రత్నమ్మను పనామె అనేటోళ్ళు. సరోజిని నానమ్మ పోయి పదకొండేండ్లయింది. మెదక్ క్రైస్తవులు నవంబరుల సమాధుల పండుగ చేస్తరు. గడ్డి పీకి, సున్నమేసి, పూలు పెడ్తరు. ఆ సున్నం ఇంటోళ్ళే ఎయ్యాలె, కూలోళ్ళతోని ఏపియ్యరు. మా తరఫున మా నాయన అన్న, పెద్దబాపు ఏస్తడు. రత్నమ్మవ్వను మాత్రం రావద్దన్నడు, చూసినోళ్ళు ఏమనుకుంటరని.

పొద్దుగాల ఐదున్నరకు జూబ్లీ బస్టాండుల కామారెడ్డి ఎక్స్‌ప్రెస్ ఎక్కిన. ఆధార్ చూపిస్తే ఆడోళ్ళకు జీరో టికెట్. కిటికీ సీటు కావాలంటే పావుగంట ముందే రాండ్రి. ఏడింటికి తూప్రాన్. పక్క సీటామె నా చేతుల బ్రష్‌లు చూసి "ఇంటికి రంగులేస్తున్నవా?" అన్నది. మా నానమ్మ సమాధికని చెప్పిన. "మంచి మనుమరాలివి" అని రెండు జామకాయలిచ్చింది. పదకొండేండ్లల్ల ఒక్కసారి గూడ పోని మనుమరాలినని ఆమెకు చెప్పలే, జామకాయ కొరికిన.

ఏడూ నలభైకి చేగుంటల దిగిన. ఇప్పుడు ఆ ఊర్లనే ఉంటున్న రత్నమ్మవ్వ అప్పటికే నిలబడ్డది. బొట్టు, ఇస్త్రీ చీర, పక్కన మూతున్న పాలక్యాను. మెదక్ బస్సు కండక్టరు "గదేంది అవ్వా, పెరుగా?" అన్నడు. "సున్నం. తాగుతవా?" అన్నది. ఆయన నవ్వి ముందు సీటు చూపిచ్చిండు.

"నానమ్మను ఎట్ల కలిసినవు అవ్వా?" అని అడిగిన.

"బట్టలు మారిపోకుంట ఇంటింటికి ఒక గుర్తు పెడ్తం గదా. బంగ్లాకు రెండు గీతలు. సరోజిని చీరలకు మాత్రం కొంగు మూలన ఒక చుక్క ఎక్కువ పెట్టేదాన్ని. నాలుగు నెలలకు కనిపెట్టింది. ఆ వారం మూటల, నా చుక్క పక్కన ఇంకో చుక్క పెట్టి పంపింది."

"ఆనంక?"

"ఆనంక ఏముంది. సంబంధాలొస్తే వద్దన్నది. టీచరు నౌకరి దొరకంగనే గల్లీల ఇల్లు కిరాయికి తీసుకొని నన్ను పిలిచింది. మొదటి ఆదివారం బాయి కాడ కూసోని నా చీర ఉతికింది. ఊరందరి బట్టలు ఉతికినోళ్ళం, మా బట్టలు ఇంకొకలు ఉతుకుడు నేనెన్నడు చూడలే. ఏడ్చిన. మేం దోస్తులం గాదు బిడ్డా. ఆలుమొగల లెక్క బతికినం."

పక్క వరుసల ముసలాయన తిరిగి చూసిండు. అవ్వ కూడ ఆయననే చూసింది. ఆఖరికి ఆయనే కిటికీ దిక్కు తిరిగిండు.

తొమ్మిదింటికల్లా మెదక్. బస్టాండు ఎదురుంగ ఇడ్లీ మస్తుంటది, చట్నీ జర కారం. తిని, ఆటోల సమాధుల తోటకు పోయినం. ఆ రోజు ఆటోలు లోపలి దాక రానియ్యరు, గేటు కాడనే దిగాలె. లోపట మా పెద్దబాపు బకెట్ పట్టుకొని ఉన్నడు. అవ్వను చూసి నా మీద లేచిండు. "ఈమెను ఈడికెందుకు తెచ్చినవే?"

"నేను తేలే. ఆమెనే నన్ను తెచ్చింది" అన్న.

ఆయన నాతోని మాట్లాడుడు బంద్ చేసి, పక్క సమాధోళ్ళ దిక్కు తిరిగిండు. "మాదొక్కటే ఏడాదంతా తెల్లగుంటది, చూడుండ్రి. నా సున్నం గసుంటిది" అన్నడు.

తోట కావలాయన గడ్డి పీకుకుంటనే అన్నడు: "మీ ఒక్క సున్నమే గాదు సార్. మీరు పోయిన తెల్లారి గీ అవ్వొచ్చి ఇంకోసారి ఏస్తది. పదకొండేండ్ల సంది."

నాకూ ఆ సంగతి అప్పటిదాక తెల్వదు. పెద్దబాపు మొకం మాడిపోయింది. అవ్వ క్యాను మూత తీసుకుంట, "నీ సున్నం పలుచన నాయనా" అన్నది, అంతే.

అంతల పాస్టరు అయ్యగారు వచ్చిండు. ఆయన ప్రతి సమాధి కాడ ఆగి, ఇంటోళ్ళెవరని అడిగి, వాళ్ళ పేరు చెప్పి ప్రార్థన చేస్తడు. మా కాడ గూడ అడిగిండు. పెద్దబాపు నోరు తెరిచేలోపు రత్నమ్మవ్వ నిలబడ్డది.

"నేను, అయ్యగారు. నలభై రెండేండ్లు ఈమె ఇంటిదాన్ని."

అయ్యగారు పెద్దబాపు దిక్కు చూసిండు. పెద్దబాపు బకెట్ కింద పెట్టిండు. "అవునయ్యగారు. ఆమెనే" అన్నడు.

"సరోజినమ్మ ఇంటిమనిషి రత్నమ్మ కోసం" అని ప్రార్థన మొదలయింది. కండ్లు మూసుకోవాల్నని తెల్సు, నేను మూసుకోలే. నా ఎనభై ఒకటేండ్ల అవ్వ తలెత్తుకొని నిలబడ్డది చూడాలె గదా. ప్రార్థన అయినంక మొదటి సున్నం ఆమెనే ఏసింది. క్యాను పెద్దబాపు పట్టుకున్నడు.

ఒంటిగంటన్నర బస్సుల తిరుగుప్రయాణం. మెదక్ పోతే అందరు చర్చి చూసి ఫొటోలు దిగి వస్తరు. మీరు నవంబరుల పోండ్రి, ఒక గంట సమాధుల తోటల నిలబడుండ్రి. ఊరంటే ఏందో ఆడ తెలుస్తది.

చేగుంటల ఇద్దరం దిగినం, నేను హైదరాబాదు బస్సు మారాలె. చాయ్ బండాయన అవ్వను గుర్తువట్టి "దవాఖాన నుంచా అవ్వా?" అన్నడు. ఏడాదికోసారి మెదక్ పోయొచ్చినప్పుడల్లా ఆమె అందరికి గదే చెప్పేదట.

"దవాఖాన గాదు" అన్నది రత్నమ్మవ్వ, బస్టాండంతా ఇనేటట్టు. "నా సరోజిని కాడికి పోయొచ్చిన."