కాలా, చెప్పా?

నర్సీపట్నంలో పెట్టుడు కాళ్లు చేయడం నా పని. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. పని మీద ఉన్న పట్టు నాకు నోటి మీద లేదు. అందుకు సాక్షి వరలక్ష్మమ్మగారు.

మా వీధి చివర అట్లు పోసి అమ్ముకునే మనిషి. అరవై దాటాయి. ఆవిడ అట్ల కోసం నాతవరం ఆటోవాళ్లు కూడా బండి ఆపేవారు. షుగరు ముదిరి మోకాలి కింద కాలు తీసేశారు. మంచం మీద కూర్చుని ఒకటే మాట.

"బాబూ, మళ్లీ పొయ్యికాడ నిలబడితే సాలు. కూకుని తింటే నాకు సయించదు."

కొలతలు తీసి కాలు చేసిచ్చాను. తొడుక్కోవడానికి భయపడుతుంటే, "దీనికింత కంగారేటండీ? చెప్పు తొడుక్కున్నట్టు తొడుక్కోండి, చెప్పు విడిచినట్టు విడవండి" అన్నాను. మహా తెలివైనవాణ్ని కదా!

నెల తిరక్కుండా ఆవిడ కోడలు ఈశ్వరి వచ్చింది. "మా అత్తగారు ఇంట్లో పాకుతున్నారండీ" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. అంత కష్టపడి చేసింది మూల పడేశారా అని గబగబా వెళ్లాను. చూద్దును కదా, గడప బయట, చెప్పుల పక్కన, గోడకు ఆనించి ఉంది కాలు. ఆవిడ లోపల గడప దగ్గరే చతికిలబడి ఉంది.

"ఇదేటండీ?"

"సెప్పులాంటిదని నువ్వే అన్నావు కదా బాబూ! బజారుకి ఏసుకునే ఎల్తన్నాను. సెప్పులేసుకుని పొయ్యికాడికెల్తారేటి? పొయ్యంటే లచ్మి కాదా?"

నాలుక కరుచుకున్నాను. పక్కనే కూర్చుని, అది చెప్పు కాదు, కాలేనని ఎన్ని రకాలుగా చెప్పినా వింటేనా! "ఆ రోజు ఒకమాట, ఈ రోజు ఒకమాట" అని నన్నే దెప్పింది. విసుగొచ్చి లేచాను. లేవడంలో నా పాదం ఆ కాలికి తగిలింది. అలవాటు చొప్పున వంగి, దాన్ని తాకి కళ్లకద్దుకున్నాను.

వరలక్ష్మమ్మగారు నన్నే చూస్తోంది.

"సెప్పు తగిల్తే దండమెడతారేటి బాబూ?"

"చెప్పుకెందుకు పెడతానండీ? తగిలింది మీ కాలు కదా."

ఆవిడ గడప మీంచి చెయ్యి చాపి ఆ కాలిని ఓసారి తడిమింది. తర్వాత కోడల్ని కేకేసింది.

"ఈశ్వరీ, బేగి సెంబుతో నీళ్లట్రా. కాళ్లు కడుక్కుని లోపలికెల్లాల."

గడప ఇవతలికి వచ్చి కాలు కట్టుకుంది. ఈశ్వరి రెండు పాదాల మీదా నీళ్లు పోసింది. ఆవిడ గోడ పట్టుకుని లేచి, కాస్త ఆగి, కుడికాలు ముందుపెట్టి ఇంట్లోకి అడుగేసింది. నేను చేసిన కాలు అదే. దాపరికమెందుకు, అక్కడే ఏడ్చేశాను.