మెడ వణికినప్పుడు

నిన్న సాయంత్రం ప్రయాణపు సంచి సర్దుతూ ఉంటే బీరువా అడుగు అరలోంచి ఆక్సీమీటరు బయటపడింది. కరోనా రోజుల్లో కొన్నది. కొత్త బ్యాటరీలు వేసి నా వేలికి తగిలించుకున్నాను. తొంభై ఎనిమిది. సంతోషించవలసింది పోయి మంచం మీద కూలబడ్డాను. ఇదే యంత్రం ఆ రోజుల్లో అమ్మ వేలి మీద ఎనభై ఆరు చూపించింది. ఆ అంకె చూసిన గంటలోపే అమ్మను శ్రీకాకుళం ఆసుపత్రికి తీసుకుపోయాం. ఇంకో నాలుగు రోజుల్లో అదే అమ్మతో ఆమదాలవలసలో రైలెక్కి, ఢిల్లీ మీదుగా లద్దాఖ్ వెళ్లబోతున్నాను. అక్కడి ఎత్తులో ఆరోగ్యవంతులకు కూడా ఈ అంకె ఎనభైల్లోకి దిగవచ్చుననీ, అది మామూలేననీ చదివాను. మామూలు అన్న మాట నన్ను ఇంతగా భయపెట్టడం ఇదే మొదటిసారి.

నిజానికి ఈ ప్రయాణంలో మొదట అమ్మ లేదు. మా ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పే మేడం, ఆవిడ భర్త, నేను వెళ్దామనుకున్నాం. నేను సాంఘికశాస్త్రం చెబుతాను. చల్లటి ఎడారి గురించి పదిహేనేళ్లుగా పాఠం చెబుతూనే ఉన్నాను, “మీరు చూశారా టీచర్?” అని పిల్లలు అడిగినప్పుడల్లా పటం వైపు తిరిగి గొంతు సవరించుకుంటూనే ఉన్నాను. మా ఇంట్లో పట్టా పుచ్చుకున్న మొదటి మనిషిని కావడం వల్లనేమో, చూడనిదాన్ని చూసినట్టు చెబితే ఎవరో వచ్చి ఆ పట్టా వెనక్కి తీసుకుంటారన్న బెరుకు నాకు ఇప్పటికీ పోలేదు. ఒక ఆదివారం మా ఊరు నౌపడలో అమ్మ పక్కన కూర్చుని ఫోనులో లద్దాఖ్ సరస్సు ఒకదాని ఫోటో చూపించాను. చుట్టూ బోడికొండలు, చెట్టన్నది లేదు, నీలంగా నీళ్లు, ఒడ్డు పొడవునా తెలుపు. మంచు ఎంత పేరుకుందో చూడమన్నాను. అమ్మ ఫోను దూరంగా పట్టుకుని చాలాసేపు చూసింది.

“మంచు కాదే, ఉప్పు. ఒడ్డుకి పేరిన తీరు సూడు.”

మర్యాదగానే దిద్దబోయాను. తరువాత వెతికి చూస్తే అది ఉప్పు సరస్సే. పూర్వం అక్కడి కాపరులు ఆ ఉప్పును గొర్రెల వీపున వేసి కొండలు దాటించి ధాన్యానికి మార్చుకునేవారట. నౌపడలో ఉప్పు పండించే కొఠార్లలో ముప్ఫై ఏళ్లు గంప మోసిన మనిషికి నేను మంచు గురించి పాఠం చెప్పాను. అమ్మ గెలిచినట్టు నవ్వనైనా లేదు. “అక్కడ ఉప్పు ఎవులు మోస్తారే?” అని మాత్రం అడిగింది. ఒకప్పుడు గొర్రెలు మోసేవన్నాను. ఆ వెంటనే తానూ వస్తానంది. ఆ మాట వీధిలో పాకడానికి పూట పట్టలేదు. గుడి లేని చోటుకి అంత దూరం ఎందుకని పక్కింటి పిన్ని దెప్పితే, “గుడి లేకపోతే ఏటి, ఉప్పున్నాది” అని అమ్మ జవాబు చెప్పిందట.

వద్దని చెప్పే పని అమ్మను చూసే డాక్టరు గారి చేత చేయించాలని నా ఆలోచన. ఆయన ఎక్స్‌రే తీయించి, అమ్మను వరండాలో ఆరు నిమిషాలు నడిపించి, ఊపిరితిత్తులు బాగానే కోలుకున్నాయన్నారు. పూచీ మాత్రం పడలేనన్నారు. చేరిన మొదటి రోజుల్లో కదలకుండా విశ్రాంతి తీసుకుని, తరువాత మెల్లమెల్లగా పైకి వెళ్లమన్నారు. అన్నిటికన్నా ముఖ్యమైనది చివర చెప్పారు. అంత ఎత్తులో మనిషికి తన స్థితి తనకు తెలియదు. పక్కనున్నవారే కనిపెట్టి, క్షణం ఆలస్యం చేయకుండా వెనక్కి తీసుకురావాలి. అమ్మ తెలిసిన సంగతే విన్నట్టు తలాడించింది.

తెలిసిన సంగతే మరి. ఉప్పు మోసే ఆడవాళ్లు సన్నటి గట్టు మీద ఒకరి వెనక ఒకరు నడుస్తారు. సత్తువ ఎప్పుడు అయిపోయిందో మోసే మనిషికి తెలియదు. వెనక నడిచే మనిషికి తెలుస్తుంది. ముందున్న మెడ వణికితే చాలు, వెనకనుంచి “దించీ” అని కేక వేయాలి. ముందున్న మనిషి వయసులో ఎంత పెద్దదైనా ఎదురు చెప్పకుండా గంప దించాలి. పదో తరగతి పరీక్షలయిన వేసవిలో నేనూ చిన్న గంపతో అమ్మ వెనక నడిచాను. ఒక మధ్యాహ్నం అమ్మ మెడ వణికింది. చూశాను. గంపలు గుమ్మరించే ఉప్పు రాశి ఇంక పదడుగుల దూరమే ఉంది కదా అని ఊరుకున్నాను. మూడో అడుగులో అమ్మ పడిపోయింది. కుడి మణికట్టు విరిగి, కొంచెం వంకరగా అతుక్కుంది. కాలు జారిందని అమ్మ అందరికీ చెప్పింది. ఆ అబద్ధం చాటున నేను ఇరవై ఏడేళ్లు బతికాను.

డాక్టరు దగ్గర నుంచి ఆటోలో తిరిగి వస్తుంటే, తీసుకువెళ్లలేనని, భయంగా ఉందని అమ్మతో అన్నాను. ఎత్తంటేనా అని అడిగింది. కాదన్నాను. ఆ వంకర మణికట్టు నా మోకాలి పక్కనే ఉంది.

“ఆ వేళ నీ మెడ వణకడం నేను చూశానమ్మా.”

అమ్మ రోడ్డు వైపే చూస్తూ ఉంది. “తెలుసు. నీ అడుగు ఆగినాది కదా, నాకు ఇనపడ్డాది.” చీర కొంగు సర్దుకుని, “పదడుగులే కదా అని నానూ అనుకున్నాను” అంది. ఊరు దగ్గర పడ్డాక మళ్లీ తనే అంది: “ఈపాలి అడుగు దూరంలో ఉన్నా సెప్పీ. ఎనక్కి తిరిగిపోదాం. నాను ఏటీ అనను.”

అప్పటి నుంచి నాకు నిద్రలో కూడా ఆ తెల్లటి ఒడ్డే. కారు దిగి అమ్మ ముందు నడుస్తూ ఉంటుంది. నీళ్లు పదడుగుల దూరంలో ఉంటాయి. అక్కడ తల మీద గంప ఉండదు, మెడకు ఉన్ని మఫ్లరు చుట్టి ఉంటుంది. వణికితే నాకు కనిపిస్తుందా? మఫ్లరు వద్దని చెబితే చలికి ఏమవుతుంది? లెక్కల మేడం నా పుస్తకంలో వాహనం, బస, మందులు అన్నీ వరసగా రాసిచ్చారు. ఈ ప్రశ్నకు అందులో చోటు లేదు. అమ్మ ఇవేమీ పట్టించుకోవడం లేదు. అక్కడి ఉప్పుతో పోల్చి చూడాలని నౌపడ ఉప్పు గుప్పెడు గుడ్డలో మూటకట్టి తెచ్చింది. ఆ మూటను సంచిలో ఆక్సీమీటరు పక్కన పెట్టాను. నోరు విప్పవలసిన సమయం ఒక అడుగు పడేంత సేపే ఉంటుంది. ఆ వేళ అది దాటిపోతే మళ్లీ రావడానికి ఇరవై ఏడేళ్లు పట్టింది, ఈసారీ అడుగంతే ఉంటుంది.