ప్రేమలీల చీపురు పట్టని రోజు

కుళాయి వచ్చే వేళకి ప్రేమలీల ఇదివరకు చీపురొక్కటే పట్టుకుని వరండాలోకి వచ్చేది. పైపు పట్టుకునే పని భర్త సుందర్ రాజ్‌ది. ఆయన నీళ్ళు కొడుతుంటే ఆవిడ కొబ్బరీనెల చీపురుతో తోసుకుంటూ మెట్ల దాకా వచ్చేది. నల్లటి నీళ్ళు మెట్లు దిగి కాలవలోకి సిరాలా జారిపోయేవి. "కాళ్ళు తియ్యండి" అనేది ఆవిడ. "నువ్వు చీపురు తియ్యి" అనేవాడు ఆయన. రోజూ ఆ రెండు ముక్కలే.

పోయిన వానల్లో ఆయాసం ఆయన్ని తీసుకుపోయింది. ఇప్పుడు పైపుని గేటు ఊచకి పాత జాకెట్టు గుడ్డతో కట్టేస్తోంది. నీళ్ళు ఒక్క చోటే పడతాయి. మిగతా చోటికి చేత్తో చిమ్ముకోవాలి. ఒకసారి అలవాటు కొద్దీ "కాళ్ళు తియ్యండి" అనేసి, చటుక్కున నోరు మూసుకుంది.

వాళ్ళది రేవుని ఆనుకున్న వీధి. గోడకి అవతల బొగ్గు యార్డు. గాలి ఇటు తిరిగిందంటే ఆరేసిన బట్టలు, మూత పెట్టని బిందె, ఆడుకునే పిల్లల ముక్కులు, అన్నీ నలుపే. ఆదివారం చర్చికి కట్టుకునే తెల్లచీరని ప్రేమలీల ఏనాడూ బయట ఆరేసి ఎరగదు. ఇంట్లో ఫ్యాను కిందే. కుళాయి వచ్చేది కాసేపు. తాగడానికీ వండుకోవడానికీ పోను మిగిలినదంతా ఆ బొగ్గుపొడి కడగడానికే సరిపోయేది. ఎవరి బొగ్గో, మన నీళ్ళు.

సుందర్ రాజ్ బడిలో సైన్సు మేస్టారు. సాయంత్రం మేడ మీద తెల్ల ఎనామిల్ పళ్ళెంలో నీళ్ళు పోసి ఉంచి, పొద్దున్నే వీధి పిల్లల్ని పిలిచేవాడు. నీళ్ళ మీద నల్లగా మీగడ కట్టి ఉండేది. అందులో ఒక్క సబ్బు చుక్క వేయించేవాడు. మీగడంతా చెదిరి అంచులకి పరిగెత్తేది. పిల్లలు కేరింతలు కొట్టేవాళ్ళు. "పళ్ళేనికి పట్టిందే మనకీ పట్టిందిరా. మనకి సబ్బు వెయ్యలేం, అంతే తేడా" అనేవాడు ఆయన.

ఆ పొడి గురించి ఆయన ఆఫీసుల చుట్టూ తిరగ్గా తిరగ్గా, నిరుడు ఒక అధికారి వీధి చూడ్డానికి వచ్చాడు. బొగ్గు గుట్టల మీద టార్పాలిన్ పట్టాలు కప్పించాలా, గోడ ఎత్తు చేయించాలా, ఆయన చూసి చెప్పాలి. అయితే పెద్దమనిషి వస్తున్నాడని తెలిసి ఇల్లు అలాగే వదిలేసే ఆడది ఆ వీధిలో ఎవరుంది? ఎవరూ ఎవరికీ చెప్పలేదు. తెల్లారేసరికి వీధంతా కడిగి ముగ్గులు పెట్టేశారు. ప్రేమలీల వరండా కడిగింది, కుర్చీలు తుడిచింది, మేడ మీది పళ్ళెం కూడా దింపి చింతపండు వేసి తోమింది. ఆ పళ్ళెంలోనే అధికారికి బిస్కెట్లు పెట్టింది.

"భలే శుభ్రంగా ఉందండీ మీ వీధి! మీరు చెప్పినంత లేదు మేస్టారూ" అని, బిస్కెట్టు కొరుక్కుని వెళ్ళిపోయాడాయన.

సుందర్ రాజ్ ఆ పళ్ళెం వంక చూసి నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి దగ్గులో పడ్డాడు. "లీలా, ఉన్న ఒక్క సాక్షినీ తోమేశావు కదే" అన్నాడు.

ఇన్నాళ్ళకి మళ్ళీ కొత్త అధికారి వస్తున్నారని కబురు. ముందురోజు పొద్దుటే, ప్రేమలీల వరండా కడగడం ముగించేసరికి, వీధి నాయకుడు నాగబాబు బండి ఆపాడు. ఒకప్పుడు మేస్టారి దగ్గర చదువుకున్నవాడే.

"మేస్టారమ్మగోరూ, రేపు ఆఫీసరొస్తన్నారు. ఈధి అద్దంలా ఉండాల. మీరేటీ కట్టపడక్కర్లేదు, యార్డోలే నీళ్ళ టేంకరు పంపుతన్నారు."

"ఏసంగిలో మంచినీళ్ళడిగితే టేంకరు లేదన్నారు కదా?"

"అదేరు, ఇదేరు."

"రేపు నా వరండా నాను కడగను నాగబాబూ. ఆళ్ళ సేత కడిగించను."

"ఇదేటి మొండి?"

"మేస్టారి పళ్ళెంలో సబ్బుసుక్క ఎయ్యడానికి నువ్వే ముందు దూకీవోడివి. మర్సిపోనావా?"

నాగబాబు మెడ గోక్కున్నాడు. "అప్పుడు సిన్నోణ్ణి."

"ఊపిరి అప్పుడూ తీసీవోడివే, ఇప్పుడూ తీస్తన్నావు."

బండి వెళ్ళిపోయింది. పక్కింటి సూర్యకాంతమ్మ చేపల తట్ట దించి గోడ మీద చేతులానించింది. ఆవిడ భర్త వేటకెళతాడు, ఆవిడ అమ్ముకొస్తుంది. వీధిలో నోరున్న మనిషి.

"ఓలమ్మా, సేపలమ్మీ దాన్ని నానే కడుక్కుంటన్నాను, మేస్టారి పెళ్ళానివి నీకేటొచ్చింది? ఈధంతా నవ్వదా?"

"నవ్వనీ అప్పా. కడిగీసి కడిగీసి ఆళ్ళ బొగ్గుని మనమే దాసీసినాం."

"మొగుడు పోయాడు, ఇల్లొగ్గీసింది అంతారే!"

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ప్రేమలీల గొంతు పెద్దది కాదు. అయినా ఆ పూట తలెత్తి చెప్పింది.

"అననీ. మొగుడు దేనికి పోయాడో కూడా అడగమను."

సూర్యకాంతమ్మ తట్ట ఎత్తుకుంది.

ఆ సాయంత్రం ప్రేమలీల పళ్ళెంలో నీళ్ళు పోసి మేడ మీద పెట్టింది. పక్కనే దండెం మీద తన తెల్లచీర ఆరేసింది.

తెల్లారింది. కుళాయి వచ్చింది. బిందెలు నింపుకుని కట్టేసింది. చేతులు ఊరుకోవడం లేదు. చీపురు తీసి, మళ్ళీ పెట్టి, మళ్ళీ తీసింది. వీధిలో టేంకరు పైపు బుసలు కొడుతోంది. ఇంటింటి మెట్లూ మెరిసిపోతున్నాయి. పైపు పట్టుకున్నవాడు తన గేటు దగ్గరికి రావడం చూసి, చీపురు తలుపు వెనక పడేసి, వెళ్ళి గేటుకి అడ్డంగా నిలబడింది. ఒంటి మీద ఆ తెల్లచీరే, నిండా నల్లచుక్కలతో.

"ఇక్కడ వొద్దు బాబూ. ముందుకెళ్ళు."

వచ్చిన అధికారి ఆడమనిషి. వీధంతా తిరిగి, తల ఊపుతూ ప్రేమలీల వరండాలో అడుగుపెట్టి ఆగిపోయింది.

"ఇదేంటమ్మా, కడగలేదా?"

"నిన్న పొద్దున కడిగేనండి. ఇది ఆ తర్వాత పడింది."

"పక్కవాళ్ళవి బాగానే ఉన్నాయిగా?"

"ఇందాకే కడిగేరు. రేపు సెప్పకుండా రండి, అవీ ఇలాగే ఉంటాయి."

అధికారి కుర్చీ వంక చూసింది. "తుడవడానికి గుడ్డేమైనా ఉందా?"

"ఉందండి. ఇవ్వను."

నాగబాబు నాలిక కరుచుకున్నాడు. ఆవిడ మాత్రం కూర్చోలేదు, కోప్పడనూ లేదు. ప్రేమలీల మేడ మీంచి పళ్ళెం తెచ్చి ముందు పెట్టింది. అధికారి అందులో వేలు ముంచింది. వేలు నల్లగా పైకొచ్చింది. బొట్టు జారి తెల్ల చెప్పు మీద పడింది. అందరూ దాన్నే చూశారు.

గోడ అవతల నుంచి సూర్యకాంతమ్మ గొంతు లేచింది. "అమ్మగోరూ, మా మిద్దె మీదికీ రండి! కింద కడిగీసేను గానీ పైకి నీళ్ళు మొయ్యలేకపోయేను. నిచ్చెనెక్కగలరా?"

"ఎక్కుతాను" అంది అధికారి. ముందు పళ్ళెంలో నీళ్ళని సీసాలో పోయించుకుంది. పోతూ, "ఈసారి చెప్పకుండానే వస్తాను" అంది. అంతకు మించి మాటేమీ ఇవ్వలేదు. ప్రేమలీల అడగనూ లేదు.

జనం చెదిరాక చూస్తే, వరండాలో గేటు నుంచి కుర్చీ దాకా, కుర్చీ నుంచి గేటు దాకా అధికారి అడుగులు. నల్లటి నేల మీద తెల్లగా, ఒక్కొక్కటీ అచ్చు గుద్దినట్టు.

సాయంత్రం మళ్ళీ కుళాయి వచ్చింది. నాగబాబు గేటు బయట నిలబడి చిన్నగా అన్నాడు. "ఆళ్ళెల్లిపోనారు కదా మేస్టారమ్మా. ఇప్పుడన్నా కడుక్కోండి. నాను పైపు పడతాను."

"వొద్దు నాయినా. ఆవిడ మళ్ళీ వొస్తానంది. ఆవిడ అడుగులు ఆవిడే సూసుకోనీ."

బిందె నింపి చంకన పెట్టుకుంది. గేటు ఊచకి కట్టిన గుడ్డ విప్పి, పైపు చుట్టి మేకుకి తగిలించింది. ఆ అడుగులు తొక్కకుండా గోడవారగా నడిచి లోపలికెళ్ళింది. చీపురు తలుపు వెనకే ఉంది.